కొత్త దోసకాయ, కొత్త కోడలు

నాకు పచ్చి దోసకాయ పడదు. ఇంత చిన్న సంగతి మా అత్తవారి ఊరిని ఒప్పించడానికి మా అత్తా నేనూ పడ్డ పాట్లు చెబితే కొండ దిగువన ఉన్నవాళ్ళు నవ్వుతారు. నవ్వండి, ఏం ఫరవాలేదు. ఇప్పుడు నేనూ నవ్వుతూనే చెబుతున్నాను. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

పడకపోవడమంటే వాంతులు, జ్వరాలు కావు. నమిలేటప్పుడు ఏమీ ఉండదు, చల్లగా కమ్మగానే ఉంటుంది. మింగిన కాసేపటికి పెదవుల లోపల చీమలు పాకడం మొదలవుతుంది. తర్వాత నాలుక అంచులు, ఆ తర్వాత అంగిలి. వీపు దురద పెడితే గోడకి రాసుకోవచ్చు, అంగిలి దురద పెడితే ఏం చేస్తాం? నాలుక వెనక్కి మడిచి పైకి రుద్దుకోవడం ఒక్కటే దారి. అలా రుద్దినప్పుడల్లా బల్లి పలికినట్టు టక్ టక్ మని చప్పుడు వస్తుంది. ఎంత ఆపుకున్నా ఆగదు. దురద మెల్లగా చెవుల లోపలికి కూడా పోతుంది, పెదవులు కాస్త పొంగుతాయి. ఓ అరగంట ఏడిపించి, ఎలా వచ్చిందో అలాగే పోతుంది. పచ్చి టమాటా, పచ్చి క్యారెట్టుదీ ఇదే వరస. వండితే మాత్రం అన్నీ బుద్ధిగా ఉంటాయి.

మా పుట్టిల్లు జి.మాడుగుల దాటి ఇంకా లోపలికి. అక్కడ నోరు దురద పెట్టిందంటే కారణం ఒకటే, దుంప. కందో, చేమో, అడవిలో తవ్విన ఇంకేదో దుంపో సరిగ్గా ఉడక్కుండా తింటే నోరు జిల పెడుతుంది. దానికి మందు చింతపండు. ఇది పుట్టిన పిల్లకైనా తెలుసు. అందుకని చిన్నప్పుడు నేను దోసకాయ తిని టక్ టక్ మన్నప్పుడల్లా మా అమ్మ, "ఏ దుంప కొరికినావే?" అని నెత్తిన ఒకటిచ్చి, నోట్లో ఇంత చింతపండు కుక్కేది. దుంప కొరకలేదమ్మా అంటే అబద్ధానికి ఇంకొకటి. దురదకి చింతపండు తోడైతే నోరంతా మండిపోయేది. అరగంటకి అదంతట అదే తగ్గేది, మా అమ్మ చింతపండు గొప్ప అనుకునేది. ఆశ్రమ పాఠశాలలో చేరాక అన్నంతోపాటు దోసకాయ చక్రాలు వేసేవారు. నేను పక్కన పెడితే వంటామె, "ఏటి, జమీందారు గుంటవా?" అని దెప్పేది. పక్క పిల్లలు మాత్రం నన్ను ఎంతో ప్రేమగా చూసుకునేవాళ్ళు, నా చక్రాలు వాళ్ళవి కాబట్టి.

పెళ్ళయింది. సంతలో ఒకరినొకరు చూసుకుని, ఇష్టపడి, పెద్దల్ని ఒప్పించి చేసుకున్నాం. ఆయన టైడా స్టేషనుకీ అరకుకీ మధ్య ఘాట్ రోడ్డులో జీపు తోలతాడు. ఊరు రోడ్డు వదిలి పైకి నడిచేచోట ఉంది. కాఫీ తోట కొంచెం, మెట్ట మీద సామలు, మీరు రాగులనే చోళ్ళు, వాటి మధ్యలో పాకే దోస తీగలు. పెళ్ళి మాటల్లో అన్నీ మాట్లాడుకున్నారు కానీ, మా పిల్లకి దోసకాయ పడదు అని ఎవరు చెబుతారు? అలాంటిది చెప్పాల్సిన సంగతని మాకే తెలియదు.

మా అత్త పొడుగు మనిషి, సన్నగా ఉంటుంది, మాట తక్కువ. చుట్ట కాల్చేటప్పుడు నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుంటుంది, మా వైపు ఆడవాళ్ళు చాలామంది అంతే. నిప్పునే నోట్లో దాచుకునే మనిషికి దోసకాయ ముక్క ఎవరికైనా కష్టమని ఎలా తడుతుంది? మొదట్లో ఆవిడంటే నాకు భయం. నాకా కోపం ముక్కు మీద ఉంటుంది. ఇద్దరం ఒకే పొయ్యి దగ్గర కూర్చుని ఒకరితో ఒకరం మాట్లాడకుండా రోజంతా గడిపేసేవాళ్ళం.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. మా పుట్టింటి వైపు కూడా ఉంది కానీ ఇంత గట్టిగా లేదు. కొత్త పంట చేతికొచ్చే రోజుల్లో ఊరి నడుమ రాతి గద్దె దగ్గర అమ్మోరికి మొదట పెట్టాలి, తర్వాతే మనుషులు తినాలి. అప్పటిదాకా చేలో కాసిన దోసకాయని కొరకడానికి వీల్లేదు. దాన్నే 'కొత్త తినడం' అంటారు. ఊరంతా వరసగా కూర్చుంటే పూజారి ఒక్కొక్కరి అరచేతిలో పచ్చి దోసకాయ ముక్క, దాని మీద చిటికెడు కొత్త సామలు పెడతాడు. అందరి ముందూ నమిలి మింగాలి. ఉమ్మితే పంట మీద ఉమ్మినట్టే. ఆ ముక్క తిన్న చెయ్యే ఆ ఏడు విత్తనం ముట్టాలి. ఎండిన ఆనప బుర్రల్లో బూడిద కలిపి దాచే విత్తనాలు, వాటి కోసం వెన్నులు ఏరడం, ఎండబెట్టడం, అంతా ఆ ఇంటి ఆడవాళ్ళ పని. ఆ ఇంటి విత్తనం ఇంకో ఇంటి ఆడది ముట్టదు. కొత్త కోడలు అత్త పక్కన కూర్చుని కొత్త తిని, బుర్రలో చెయ్యి పెట్టిందంటే ఇక ఆ ఇంటి మనిషి. అప్పటిదాకా ఎన్ని కుండల నీళ్ళు మోసినా, ఎన్ని మోపులు తెచ్చినా ఆమె చుట్టమే.

నేను చుట్టంగా ఉండటానికి వెళ్ళలేదు. మా అమ్మ నాకు ఏ వెన్ను విత్తనానికి ఉంచాలో, ఏది దంపుకు పోవాలో చిన్నప్పుడే నేర్పింది. ఆ పని నాకు చాలా ఇష్టం. ఆ బుర్రల్లో చెయ్యి పెట్టాలని నాకెంత కోరికగా ఉండేదో ఎవరికీ చెప్పలేదు. ఒక్క ముక్కే కదా, కళ్ళు మూసుకుని మింగేద్దాం, దురద వస్తే ఓర్చుకుందాం అనుకుని ఆ రోజు వరసలో కూర్చున్నాను.

మింగాను. పూజారి ఇంకా నాలుగిళ్ళు దాటనే లేదు, చీమలు బయల్దేరాయి. పళ్ళు బిగబట్టాను. అంగిలి పట్టుకుంది. ఊరంతా చడీచప్పుడూ లేకుండా నములుతోంది, నా నోట్లోంచి టక్. మళ్ళీ టక్ టక్. తలలన్నీ ఇటు తిరిగాయి. కళ్ళల్లో నీళ్ళు, పెదవులు తేనెటీగ కుట్టినట్టు. మా మావగారి అక్క, ఆ ఇంటికి పెద్ద దిక్కు, నా మొహం చూసి గట్టిగా అనేసింది: "ఒలమ్మా, ఈ గుంట ముందే తినేసినాది! అమ్మోరికి ఎట్టకుండా సేలో తినేసినాది. అందుకే నోరు పట్టేసినాది."

ఆ ఊళ్ళో నోరు పట్టేయడానికి అదొక్కటే కారణం మరి. దేవతకి పెట్టకముందు తిన్న దొంగనోటిని దేవత పట్టుకుంటుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. తినలేదని అరుద్దామనుకున్నాను, పొంగిన పెదవులతో మాట ముద్దముద్దగా వచ్చింది, పిల్లలు నవ్వారు. మా అత్త ఒక్క మాటా అనలేదు. లేచి ఇంటికి పరిగెత్తింది. దేనికో మీకు తెలిసే ఉంటుంది. చింతపండు ముద్ద తెచ్చి నా నోట్లో కుక్కింది. పుట్టింట్లోనూ ఇదే, ఇక్కడా ఇదే.

పూజారి మంచివాడే. నా వైపు జాలిగానే చూశాడు. అయినా, "ఈ యేడు ఈ పిల్ల ఇత్తనం ముట్టకూడదు" అన్నాడు. అంతే, అయిపోయింది.

ఆ ఏడు కోతకి వెళ్ళాను, మోపులు మోశాను, నూర్చాను, దంచాను, వండాను. అత్త వాకిట్లో చాప వేసి విత్తనానికి వెన్నులు ఏరేటప్పుడు మాత్రం గడప అవతల నిలబడాలి. ఆవిడ వేళ్ళు వెన్ను మొదట్నుంచి చివరికి నిమురుతూ పోయేవి, నచ్చింది ఒళ్ళోకి, నచ్చనిది పక్కకి. నా వేళ్ళు వాటంతట అవే కదిలేవి. ఏడుపొచ్చి పెరట్లోకి పోయేదాన్ని. దొంగతిండి తిన్నదని ఊరు అనుకోవడం ఒక ఎత్తు, ఆవిడ కూడా అనుకుంటోందేమో అన్నది ఒక ఎత్తు. మా ఆయన్ని అడిగితే, "అమ్మ ఏటీ అన్నేదు కదా" అనేవాడు. అదే కదా బాధ! అంటే బదులు చెప్పొచ్చు, అనని మాటకి ఏమని బదులు చెప్పను?

దోసకాయలు ఊరంతా దొర్లుతున్న రోజుల్లో ఒక పొద్దున మా అత్త నన్ను వంటింట్లోకి పిలిచింది. పచ్చి దోసకాయ కోసి ముక్క నా ముందు పెట్టింది.

"తిను."

నా మొహం మాడిపోయింది. ఇంట్లో కూడా మొదలయిందా ఈ పరీక్ష అనుకున్నాను. కోపంతోనే తీసుకుని కసకసా నమిలి మింగాను. ఎదురుగా కూర్చుంది. కాసేపటికి నా నోట్లో బల్లి పలికింది. ఆవిడ నా గడ్డం పట్టుకుని గుమ్మం వెలుగులోకి తిప్పి, ఆవు పళ్ళు చూసినట్టు నోరు తెరిపించి చూసింది. తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టు అంది: "ఊరంతా తినేసినారు. అమ్మోరు తినేసినాది. మరింకా ఈ గుంట మీద కోపమేటి?"

నేను ఏడుస్తూ ఉన్నదాన్ని ఆగిపోయాను.

మర్నాడు అదే తీగ కాయని పప్పులో వేసి వండి పెట్టింది, పక్కనే కూర్చుంది. ఏమీ కాలేదు. ఇంకోరోజు క్యారెట్టు పచ్చిది పెట్టింది. దురద. అదే ఉడకబెట్టి పెట్టింది. ఏమీ లేదు. అప్పటికి నాకూ సరదా పుట్టింది, ఈసారి ఏం పెడతావత్తా అని నేనే అడిగాను. సాలూరు వ్యానులో వచ్చిన టమాటా ఒకటి నా చేతిలో పెట్టింది. సగం తిన్నానో లేదో టక్ టక్. ఆవిడ రెండు చేతులూ చరిచి, పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను వినని నవ్వు ఒకటి నవ్వింది.

"టమాటాలకి కొత్తేటే! సాలూరు టమాటాలకి అమ్మోరు కాపలా ఉంటాదేటి?"

నాకూ నవ్వాగలేదు. పొంగిన పెదవులతో నవ్వుతుంటే నొప్పి పుట్టింది, అయినా నవ్వాను. నన్ను దొంగ అనుకోలేదు ఈవిడ, ఇన్నాళ్ళూ దీని గురించే ఆలోచిస్తూ కూర్చుందన్నమాట! ఆ రోజు నుంచి ఆవిడంటే నాకు భయం పోయింది.

మా ఆయన అరకు ఆసుపత్రికి తీసుకెళ్ళి చూపించాడు. డాక్టరమ్మ అంతా విని, కొందరి ఒంటికి కొన్ని పచ్చి కూరలు పడవనీ, ఉడికిస్తే ఆ గుణం చాలావరకు పోతుందనీ చెప్పింది. పంతానికి తినొద్దు, ఎప్పుడైనా గొంతు బిగిసినా ఊపిరాడకపోయినా వెంటనే రమ్మంది. ఇంటికొచ్చి చెబితే మా అత్త, "నానూ అదే కదేటి అన్నాను" అని చుట్ట ముట్టించుకుంది.

మళ్ళీ కొత్త తినే రోజులొచ్చాయి. ముందురోజు మా అత్త పూజారి ఇంటికి వెళ్ళి, మా కోడలికి ముక్క ఉడకబెట్టి ఇవ్వమని అడిగింది. పూజారి, "తీగ మీంచి వచ్చింది వచ్చినట్టే ఇయ్యాల. నాను పెట్టిన ఆచారం కాదమ్మా. నాను మార్చినాక వానలు తప్పినాయనుకో, ఊరు నన్నడగదేటి?" అన్నాడట. అది వింటే నాకు ఆయన మీదా కోపం రాలేదు. ఊరి భయమంతా ఒక్కడి నెత్తిన పెడితే ఏ మనిషైనా అలాగే అంటాడు.

వరసలో కూర్చున్నాం. పూజారి నా దగ్గరికి వచ్చి ఆగి, నా చేతిలో ఏమీ పెట్టకుండా పక్కకి జరిగాడు. తినిపించి బాధపెట్టలేక జరిగాడని తెలుసు, అయినా ఖాళీ అరచెయ్యి అలా చాపుకుని ఉండటం ఎంత సిగ్గో! మా అత్త అరచేతిలో ముక్క పెట్టాడు. ఆవిడ దాన్ని చూసింది. వంగి, మళ్ళీ ఆయన చేతిలోని ఆకులోనే పెట్టేసింది.

"ఏటే ఇది?" అన్నాడు మా మావ.

"నాను తినను. నా కోడలు ముట్టని ఇత్తనం నానూ ముట్టను" అంది. గొంతేమీ పెంచలేదు. మా మావ అక్క, "దేముడి కాడ పంతాలేటే?" అని అరిచింది. "దేముడి మీద పంతం కాదు ఒదినా, మనుషుల మీదే" అని మా అత్త లేచి, నా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేసింది.

ఆ రోజుల్లో ఊరంతా ఇదే మాట, ఇంకో మాట లేదు. కొత్త తినలేదు కాబట్టి ఇంట్లో మా ఇద్దరికీ కొత్త గింజ కూడా లేదు, రేషను బియ్యమే. మగవాళ్ళకి సామన్నం వండి పెట్టేవాళ్ళం, మేము రేషనన్నం తినేవాళ్ళం. ఆవిడకి సామన్నమంటే ప్రాణం. నాకు తెలుసు. ఒకసారి, నా కోసం నువ్వెందుకత్తా, తినెయ్యి అన్నాను. "నీకోసమని ఎవుళు సెప్పినారు? నాకు ఆకలి నేదు" అంది. కుండ మూత తీసినప్పుడు వచ్చే కమ్మటి వాసనకి మొహం పక్కకి తిప్పుకోవడం నేను చూశాను.

ఇక విత్తనం పని మగవాళ్ళ మీద పడింది. మా మావ, మా ఆయన వాకిట్లో చాప వేసుకుని కూర్చున్నారు. ఘాట్ రోడ్డు మలుపుల్లో జీపుని చెవులు పట్టుకుని తిప్పే మా ఆయనకి పండిన వెన్నుకీ, పండినట్టున్న వెన్నుకీ తేడా తెలియదు. పెద్దగా కనబడ్డవన్నీ విత్తనానికి వేశాడు, పచ్చివీ తడివీ కలిపి. మా మావ పాత బుర్రలు దించి వరసగా పెట్టాడు. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏది చోళ్ళది, ఏది సామలది, ఏది ఏ చెలకకి సరిపడేది అన్నది మా అత్త మనసులో తప్ప ఇంకెక్కడా లేదు. ఆవిడ అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ చూస్తోంది. "ఇదేటే?" అని ఒక బుర్ర ఎత్తి చూపించాడు మా మావ. "నాను ముట్టకూడదు కదా, ఇప్పి సూసుకో" అంది. విప్పితే ఆవాలు. మళ్ళీ కట్టడం రాక సగం నేలపాలు. కోడిపెట్టలకి ఆ రోజు పండగ. నేను లోపలికి పోయి చెంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. సముద్రంలో తుఫాను పట్టిందని ఫోన్లలో చెప్పడం మొదలుపెట్టారు. మబ్బు కొండల మీదికి దిగిపోయింది. వాన పడకముందే మంచి వెన్నులు ఏరి తెచ్చుకోవాలి; చేలో నిలబడ్డ సామ తడిస్తే విత్తనం పోతుంది, ఒక ఏడు విత్తనం పోతే మళ్ళీ ఆ రకం ఎక్కడ దొరుకుతుంది? మా అత్త చుట్ట ఆరిపోయినా ముట్టించుకోకుండా చేను వైపు చూస్తూ కూర్చుంది. ఈవిడ ఓడిపోతుంది, నా వల్ల ఓడిపోతుంది అనిపించింది. పోయి ఆ పచ్చి ముక్క మింగేస్తానత్తా, అరగంటే కదా అన్నాను. ఆవిడ నా వైపు తిరగనైనా లేదు. "ఊపిరాడకపోతే రమ్మంది కదేటి ఆ డాక్టరమ్మ. కూసో" అంది.

మా మావ గొడుగు తీసుకుని బయటికి వెళ్ళాడు. వచ్చేటప్పుడు వెనక పూజారి ఉన్నాడు. ఆయన చేతిలో ఒక దోసకాయ, మడిచిన ఆకులో గుప్పెడు కొత్త సామలు. తిన్నగా మా వంటింట్లోకి వచ్చి పొయ్యి ముందు కూర్చున్నాడు.

"అమ్మోరి ముందు పచ్చిదే పెట్టి తెచ్చినాను" అన్నాడు. "నా సేతిలోంచి పచ్చిదే ఇత్తన్నాను. ఆనక మీ పొయ్యి మీద ఏటి సేసుకుంటారో అమ్మోరు అడగదు. నానూ అడగను. బేగి కానియ్యండి, వాన వచ్చేత్తంది."

నేను దోసకాయ అందుకున్నాను. మా అత్త దాన్ని కోసి, సామలతో కలిపి చిన్న కుండలో ఎసట్లో వేసింది. ముక్క మెత్తబడేదాకా నలుగురం కుండ వైపే చూస్తూ కూర్చున్నాం. పొగకో దేనికో పూజారి కళ్ళు తుడుచుకున్నాడు. ఆవిడ ఆకులో ఇంత వడ్డించి నా ముందు పెట్టింది. నేను ఆత్రంగా చెయ్యి పెట్టబోతే చేతి మీద ఒకటి కొట్టింది.

"ఊదుకుని తినే గుంటా! ఇప్పుడు నోరు కాలినాదనుకో, అదీ అమ్మోరి మీదకే నెట్టేత్తారు."

ఊదుకుని తిన్నాను. తన ఆకులో కూడా వడ్డించుకుంది కానీ ముట్టుకోలేదు, నా నోటి వంకే చూస్తూ కూర్చుంది. అన్నాళ్ళుగా ఆ గింజ వాసనకి మొహం తిప్పుకున్న మనిషి, చలిలో ఆవిర్లు పైకి లేస్తుంటే అలాగే కూర్చుంది. నేను మింగాను. అందరం ఎదురుచూశాం. ఏమీ లేదు. అప్పుడు ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.